చందమామలో పేరు లేని మాంత్రికుడు

తోకచుక్క, రాకాసిలోయ, యక్షపర్వతం, మాయాసరోవరం... ఈ పేర్లు వింటే చాలు, యాభై దాటినవాళ్ల కళ్లు ఇప్పటికీ మెరుస్తాయి. అవి రాసిందెవరని అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు. నెలనెలా లక్షల కళ్లు చదివిన ఆ సీరియళ్ల మీద రచయిత పేరు అచ్చు కాలేదు మరి!

నలభై యాభై ఏళ్ల కిందటి మాట. వేములలోనో, వేంపల్లెలోనో, జమ్మలమడుగు పక్కనున్న పల్లెలోనో ఒక ఇల్లు అనుకోండి. నెల పుడుతూనే ఆ ఇంట్లో చిన్నపాటి యుద్ధం. కొత్త చందమామ ముందు ఎవరి చేతికి రావాలి? పెద్దోడు సీరియల్ చదవాలంటాడు. చిన్నది బేతాళ కథ చదివేదాకా ఇవ్వనంటుంది. గొడవ తెగేలా లేదని నాయన ఓ తీర్పు చెబుతాడు. ‘‘ఒకరు గట్టిగా చదవండి, అందరం వింటాం.’’

అంతే, పంచలో సభ మొదలు. శెనక్కాయలు వలుస్తున్న అవ్వ కూడా చెవి ఇటే పెడుతుంది. వీరుడు అడవిలో దారి తప్పాడు. ఎదురుగా కొండగుహ. లోపలి నుంచి వికటాట్టహాసం. కత్తి దూసి ఒక్క అడుగు ముందుకు వేశాడో లేదో... ‘ఇంకా ఉంది’!

ఇంకేముంది, ఆ గుహలో ఉన్నదెవరో తెలియాలంటే ముప్ఫై రోజులు ఆగాలి. బడికి వెళ్లే దారిలో అదే చర్చ. లోపలున్నది రాక్షసుడని ఒకడు, కాదు మాంత్రికుడని ఇంకొకడు పందేలు వేసుకునేవారు. వీరుడి పేరు తెలుసు, మాంత్రికుడి పేరు తెలుసు, ఆ మాంత్రికుడు ఎక్కి తిరిగే జంతువు కూడా తెలుసు. కథ రాసిన మనిషి పేరు తెలుసుకోవాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. కథలు చందమామలోంచే వస్తాయని నమ్మే వయసది.

ఆ మనిషి పేరు దాసరి సుబ్రహ్మణ్యం.

గుంటూరు నుంచి వడపళనికి...

దాసరి సుబ్రహ్మణ్యం 1932లో గుంటూరు జిల్లాలో పుట్టారు. 1952లో, ఇరవై ఏళ్లు నిండేనాటికి, మద్రాసు వడపళనిలోని చందమామ కార్యాలయంలో సంపాదకవర్గంలో ఉన్నారు. మళ్లీ అక్కడి నుంచి బయటికి వచ్చింది 2006లో. అంటే 54 ఏళ్లు. ఒకే పత్రిక, ఒకే కొలువు. ఉద్యోగాలు మారడమే ఎదుగుదల అనుకునే ఈ రోజుల్లో ఆ అంకె వింటేనే ఆశ్చర్యం వేస్తుంది.

ఆయన చేరేనాటికి చందమామకు అయిదేళ్లు. 1947 జులైలో, దేశానికి స్వాతంత్య్రం రావడానికి సరిగ్గా నెల ముందు, ఆ పత్రిక తెలుగులోనూ ‘అంబులిమామ’ పేరుతో తమిళంలోనూ మొదలైంది. పెట్టినవారు ఇద్దరు మిత్రులు. ఒకరు తెనాలికి చెందిన చక్రపాణి. రెండోవారు మన కడప జిల్లా పొట్టిపాడు కుటుంబానికి చెందిన బి.నాగిరెడ్డి. విజయా సంస్థ పేరుతో పాతాళభైరవి, మాయాబజార్ లాంటి సినిమాలు తీసిన జంట కూడా వీరే. ఒకరు కథ తెలిసినవారు, మరొకరు అచ్చు పని, వ్యాపారం తెలిసినవారు. ఆ కలయిక అటు వెండితెర మీదా, ఇటు కాగితం మీదా పండింది.

దాసరి చేరిన ఏడాదే అదే కార్యాలయానికి మరో పెద్దాయన వచ్చారు. కొడవటిగంటి కుటుంబరావు. అప్పటికే పేరు మోసిన రచయిత. భౌతికశాస్త్రం చదివిన మనిషి. 1980లో కన్నుమూసేదాకా చందమామకు వెన్నెముక ఆయనే. పత్రిక నడిచిన తేట తెలుగు, చిన్న చిన్న వాక్యాలు, ఎవరు చదివినా నోరు తిరిగే ఆ నుడికారం చాలావరకు ఆయన చలవే. అలాంటి చేయి పక్కన 28 ఏళ్లు పనిచేశారు దాసరి. పురాణాలు, జాతక కథలు, దేశదేశాల జానపద గాథలు ఒకవైపు నడుస్తుంటే, పిల్లల్ని నెలనెలా పట్టి లాగే సాహస సీరియల్ బాధ్యత ఈ యువకుడి భుజాన పడింది.

ఆకాశంలో తోకచుక్క

1954. దాసరికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. ‘తోకచుక్క’ మొదలైంది.

కుండలినీ ద్వీపం. ఆకాశంలో తోకచుక్క కనిపిస్తుంది. అది కీడుకు సూచన అని ద్వీపమంతా గుబులు. సేనాని సమరసేనుడు ఓడలెక్కి సముద్రం మీదికి బయలుదేరతాడు. చేరిన చోటల్లా వింతే. ఏకాక్షి అని ఒక మాంత్రికుడు, చతుర్నేత్రుడని ఇంకో మాంత్రికుడు. ఒకడికి ఒకే కన్ను, మరొకడికి నాలుగు! ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. ఆ ఇద్దరి పంతాల నడుమ చిక్కుకున్న మామూలు మనుషులు ప్రాణాలతో ఎలా బయటపడతారన్నదే కథ.

పిల్లలు వెర్రెత్తిపోయారు. ఆ తర్వాత సీరియల్ వెంట సీరియల్. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ... 1978లో మొదలైన ‘భల్లూక మాంత్రికుడు’ దాకా మొత్తం పన్నెండు. ఒక్కోటీ ఏడాదికి పైగా నడిచినవే.

కథలు తెలుగులో పుట్టినా తెలుగుతో ఆగలేదు. చందమామ అనేక భారతీయ భాషల్లో వచ్చేది. తెలుగులో రాసిన సీరియల్ అనువాదమై హిందీ పిల్లల చేతికీ, కన్నడ పిల్లల చేతికీ, మరాఠీ పిల్లల చేతికీ వెళ్లేది. ఎక్కడి పిల్లలకు అక్కడ అది తమ కథే. పాట్నాలో చదివిన కుర్రాడికి దాన్ని ఒక గుంటూరు జిల్లా మనిషి రాశాడని తెలిసే దారే లేదు.

అంతకు ముందే... అమెరికాలో

అంతకు కొన్నేళ్ల ముందు భూగోళానికి అవతల కూడా ఇలాంటి పండగే నడిచింది. అమెరికాలో చౌక కాగితం మీద అచ్చయ్యే కథల పత్రికలకు మహా గిరాకీ. అంగారకుడి మీద కోటలు, నక్షత్రాల మధ్య యుద్ధాలు, మాట్లాడే మరమనుషులు. సైన్స్ ఫిక్షన్ అనే కొత్త కథల పంట పండింది ఆ పత్రికల్లోనే.

న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఓ చిన్న మిఠాయి కొట్టు. రష్యా నుంచి వలస వెళ్లిన కుటుంబానిది. ఆ కొట్లోనే పత్రికలూ అమ్మేవారు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే కొడుకు అమ్మకానికి పెట్టిన ఆ పత్రికలనే నలగకుండా చదివి మళ్లీ దొంతరలో పెట్టేసేవాడు. చదివీ చదివీ తానే రాయడం మొదలుపెట్టాడు. తొలి కథ 1939లో అచ్చయింది. ముట్టింది 64 డాలర్లు, అంటే మాటకో సెంటు. పక్కనే అతని పేరు కూడా అచ్చయింది: ఐజాక్ అసిమోవ్. ఆ పేరు చూసి పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆ పేరు కోసం తర్వాతి సంచిక కొన్నారు. ప్రచురణకర్తలు ఆ పేరుతో పుస్తకాలు వేశారు. 1992లో ఆయన కన్నుమూసేనాటికి ఆ పేరుతో వచ్చిన పుస్తకాలు వందల్లో ఉన్నాయి.

అసిమోవ్ వల్లించిన మంత్రం వేరేమీ కాదు. రాసిన ప్రతి కథ కిందా ఒక చిన్న పెట్టుబడి జమవుతూ వచ్చింది. అదే పేరు.

అమెరికాలో అందరికీ ఆ అదృష్టం లేదు. మిస్సోరి రాష్ట్రానికి చెందిన లెస్టర్ డెంట్ అనే రచయిత ఉండేవాడు. 1933లో మొదలైన ‘డాక్ సావేజ్’ అనే సాహస కథల పత్రికలో మొత్తం 181 నవలలు వచ్చాయి. వాటిలో అత్యధిక భాగం ఆయన రాసినవే. కానీ అట్ట మీద కనిపించే పేరు కెన్నెత్ రోబ్సన్. అలాంటి మనిషే లేడు! అది ప్రచురణ సంస్థ కల్పించుకున్న పేరు. ఎవరు రాసినా ఆ పేరే వేసేవారు. డెంట్ 1959లో పోయాడు. 1960ల్లో ఆ నవలలు మళ్లీ పుస్తకాలుగా వచ్చి కొత్తతరాన్ని ఊపేసినప్పుడు కూడా అట్ట మీద ఉన్నది ఆ లేని మనిషి పేరే.

దాసరికి ఆ లేని మనిషి పేరు కూడా లేదు. సీరియల్ శీర్షిక ఉండేది, బొమ్మ ఉండేది, కథ ఉండేది. అంతే.

ముప్ఫై రోజులు ఆపగలిగే వాక్యం

పేరు సంగతి అలా ఉంచితే, పని సంగతి చూడండి. నెలకు ఒకే విడత. చదివేవాడి వయసు ఎనిమిది కావచ్చు, ఎనభై కావచ్చు. కిందటి నెల సంచిక పక్కింటివాళ్లు పట్టుకెళ్లి ఇవ్వకపోవచ్చు. అయినా కథ అర్థం కావాలి. అందుకే ప్రతి విడత మొదట్లో జరిగిన కథ నాలుగు ముక్కల్లో చెప్పాలి. తర్వాత కొత్త ఆపద. దాన్నుంచి తప్పించుకునే ఉపాయం. హమ్మయ్య అనుకునేలోగా అంతకన్నా పెద్ద ఆపద. అక్కడ కథ ఆపాలి.

లెస్టర్ డెంట్ తన తోటి రచయితల కోసం ఒక సూత్రం రాసిపెట్టాడు. కథను నాలుగు సమాన ముక్కలు చేయండి, ప్రతి ముక్కలోనూ వీరుణ్ని ముందుకన్నా లోతైన కష్టంలోకి తోయండి, చివరికి తన తెలివితోనే బయటపడనివ్వండి అన్నది దాని సారాంశం. అది దాసరి చదివినా చదవకపోయినా, పన్నెండు సీరియళ్లు తిరగేస్తే అదే పట్టు కనిపిస్తుంది. మంచి వంటవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా ఉప్పు ఎప్పుడు వేయాలో ఒకేలా తెలుసుకున్నట్టు!

ఇంకో కిటుకు, జంట వీరులు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒంటరి వీరుడైతే మనసులోని మాట రచయితే చెప్పాలి. ఇద్దరుంటే వాళ్లే మాట్లాడుకుంటారు. ఒకడు తొందరపడితే ఇంకొకడు ఆపుతాడు. ఒకడు బావిలో పడితే ఇంకొకడు తాడు వేస్తాడు. స్నేహం గురించి ఒక్క నీతివాక్యం చెప్పకుండానే పిల్లలకు స్నేహం అర్థమైపోయేది.

పేర్లు చూడండి. ఉగ్రాక్షుడు, ధూమకుడు, సోమకుడు, గోమాంగ్... పలుకుతుంటేనే నోరు ఊరుతుంది. ఎవడు మంచివాడో ఎవడు కాదో పేరులోనే సగం తెలిసిపోతుంది. ఆ పేర్లను ఊళ్లో పిల్లలు ఒకరికొకరు పెట్టుకుని పిలుచుకున్నారంటే అది రచయిత గెలుపే.

మంత్రాలు నమ్మని మాంత్రికుడు

ఇక్కడో చిత్రమైన సంగతి. జీవితమంతా మాంత్రికుల కథలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం స్వయంగా హేతువాది. ఆయన అన్న ఈశ్వరప్రభు హేతువాద ఉద్యమంలో పేరున్న మనిషి. దయ్యాలు, చేతబడులు, మంత్రాలు ఏవీ నమ్మని మనిషి దయ్యాల కథలు ఎలా రాశారు?

కథలనే జాగ్రత్తగా చదివితే జవాబు దొరుకుతుంది. ఆ మాంత్రికులకు శక్తులు చాలా ఉంటాయి. కావాల్సిన వస్తువు మాత్రం తమంతట తాము తెచ్చుకోలేరు. దానికి ఒక మామూలు మనిషి కావాలి. చేపలు పట్టేవాడో, వేటగాడో, పల్లె కుర్రాడో వెళ్లి తేవాలి. అంటే అంతటి మంత్రగాడూ చివరికి మనిషి ధైర్యం ముందు చేయి చాచాల్సిందే. దురాశ ఎక్కువైన మాంత్రికుడు తన మంత్రానికి తానే బలైపోతాడు. గెలిచేది మాత్రం కండబలం, బుద్ధిబలం, తోడున్న మిత్రుడు. తాయెత్తు కట్టుకుని కూర్చున్నవాడెవడూ దాసరి కథల్లో గెలవలేదు.

ఇందులో ఆ కాలపు వాసన కూడా ఉంది. ‘తోకచుక్క’కు మూడేళ్ల ముందే, 1951లో, అదే విజయా సంస్థ ‘పాతాళభైరవి’ తీసింది. నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు, తోటరాముడిగా ఎన్టీఆర్. అక్కడా కథ అదే. మాంత్రికుడికి తోటమాలి కొడుకు కావాలి, చివరికి ఆ తోటమాలి కొడుకే మాంత్రికుణ్ని ఓడించాలి. రాజులూ జమీందార్లూ దిగిపోతున్న రోజుల్లో మామూలోడు గెలిచే కథలు జనానికి నచ్చాయి.

ఒక తేడా ఉంది. ‘పాతాళభైరవి’ తెర మీద రచయిత పింగళి నాగేంద్రరావు పేరు పడింది. ఊరూరా జనం ఆ పేరు చదివారు. మాటల కోసమే ఆయన్ని గుర్తుపెట్టుకున్నారు. అదే సంస్థ నడిపిన పత్రికలో ఏళ్ల తరబడి సీరియళ్లు రాసిన దాసరికి ఆ ఒక్క వరుస దక్కలేదు.

బొమ్మ మూలన సంతకం

పాత చందమామ ఒకటి దొరికితే సీరియల్ పేజీ తీసి చూడండి. బొమ్మ కింద ఓ మూలన చిన్నగా ‘చిత్రా’ అని సంతకం కనిపిస్తుంది. ఆయన అసలు పేరు టి.వి.రాఘవన్. ఏకాక్షి ముఖం ఎలా ఉంటుందో, గుడ్లగూబ ఎలా చూస్తుందో, రాక్షసుడి కోర ఎంత పొడవో పిల్లలకు చూపించింది ఆయన కుంచె. బేతాళ కథల పేజీలో శంకర్ సంతకం. అట్ట మీద ఎన్నోసార్లు వడ్డాది పాపయ్య సంతకం. బొమ్మలకు సంతకం పెట్టుకునే వీలుంది, అది గీతలో కలిసిపోతుంది. అక్షరాలకు ఆ వీలు లేదు.

దీన్ని పూర్తిగా అన్యాయం అనేయొచ్చా? రెండో వైపు కూడా చూడాలి. చందమామ అనే పత్రికకు ఒకే గొంతు ఉండేది. తాతయ్య చెప్పే కథలా, ఎవరు రాశారో తెలియని పాత గాథలా అనిపించేది. పేర్లుంటే ఆ మాయ కొంత చెదిరేదేమో. కుటుంబరావు అంతటి రచయిత కూడా అక్కడ తన పేరు పక్కన పెట్టి వేల పేజీలు దిద్దారు, తిరగరాశారు. ఇల్లు నిలబడాలంటే పునాదిరాళ్లు కనబడకూడదన్నది ఆనాటి పత్రికల తీరు.

నిజమే. అయితే పునాదిరాయికి ఆకలి, వయసు, ముసలితనం ఉండవు. మనిషికి ఉంటాయి. పేరున్న రచయితకు ఇంకో పత్రిక తలుపు తీస్తుంది, ప్రచురణకర్త వెతుక్కుంటూ వస్తాడు, సన్మానమో పురస్కారమో అందుతుంది. పేరు లేని రచయితకు దక్కేది నెలజీతం మాత్రమే. ఆయన పన్నెండు సీరియళ్లు కోట్ల మందిని అలరించినా, వాటిని చూపించి ‘ఇవి నావి’ అనడానికి ముద్రించిన సాక్ష్యం ఒక్కటీ చేతిలో లేదు.

ఆగిన కలం, ఆగని కొలువు

ఆ సీరియళ్ల ప్రయాణం కూడా నల్లేరు మీద బండిలా సాగలేదు. 1960ల నడుమ కొన్నేళ్లు మాంత్రికుల కథలకు విరామం వచ్చింది. ఆ చోటులోకి బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’ లాంటి చారిత్రక గాథలు వచ్చాయి. గొప్ప రచనలే. కానీ గుహలకూ రాక్షసులకూ అలవాటుపడిన పిల్లలు ఊరుకుంటారా? మళ్లీ ‘పాతాళదుర్గం’తో దాసరి కలం కదిలింది. శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం వరుసకట్టాయి. చాలామంది పాఠకులు ఆయన పనితనానికి పతాకస్థాయి అని చెప్పుకునేది ఈ రెండో వరుసనే.

1978లో మొదలైన ‘భల్లూక మాంత్రికుడు’ ఆఖరిది. ఆ దశాబ్దం చివరలో చిత్రా వెళ్లిపోయారు. 1980లో కుటుంబరావు వెళ్లిపోయారు. అంతకుముందే, 1975లో, చక్రపాణి కన్నుమూశారు. కొత్త సీరియల్ మాట మళ్లీ రాలేదు. అప్పటికి దాసరికి యాభై కూడా లేవు. ఒక కథకుడు చేయి తిరిగి, అనుభవం పండి, ఇక అసలైనవి రాయాల్సిన వయసది.

కొలువు మాత్రం ఆగలేదు. మరో పాతికేళ్లకు పైగా అదే బల్ల దగ్గర కూర్చున్నారు. వచ్చిన కథలు చదవడం, దిద్దడం, పేజీలకు సరిపెట్టడం. చందమామ బయట ఆయన పెద్దల కోసమూ కథలు రాశారు. ‘బొమ్మరిల్లు’ పిల్లల పత్రికలో వచ్చిన ‘మృత్యులోయ’ కూడా ఆయన చేతిలోదే. 1998లో చందమామ మూతపడి, ఏడాది దాటాక మళ్లీ తెరుచుకున్నా ఆయన అక్కడే ఉన్నారు. పాత సీరియళ్లను పత్రిక మళ్లీ అచ్చు వేసినప్పుడు కొత్త పిల్లలు అంతే ఆబగా చదివారు. ఈసారీ పేరు లేదు.

వెతుక్కుంటూ వచ్చిన పిల్లలు

2006లో, డెబ్భై నాలుగో ఏట, దాసరి మద్రాసు వదిలి విజయవాడ చేరారు. ఆ రోజుల్లోనే ఒక మంచి పని మొదలైంది. ఒకప్పుడు పంచలో కూర్చుని రాకాసిలోయ చదివిన పిల్లలు ఇప్పుడు ఇంజినీర్లు, డాక్టర్లు, లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు. జుట్టు నెరిసింది, పిల్లలకు పెళ్లిళ్లవుతున్నాయి. వాళ్లలో కొందరికి హఠాత్తుగా సందేహం వచ్చింది. అసలు ఇవి రాసిందెవరు? ఆరా తీస్తే చందమామలో పనిచేసినవాళ్ల నోట ఒక పేరు వినిపించింది. ఆ పేరు పట్టుకుని వెళితే ఒక వృద్ధుడు కనిపించాడు.

అర్ధశతాబ్దం ఆలస్యంగా పాఠకుడూ రచయితా ఎదురుపడ్డారు. పాత సంచికలు పోగేయడం, ఏ సీరియల్ ఎప్పుడొచ్చిందో లెక్క తీయడం, ఆయన గురించి రాయడం మొదలైంది. అసిమోవ్‌కు పందొమ్మిదో ఏట దక్కిన మాట, ‘నీ కథ చదివాం, బాగుంది’ అన్న మాట, దాసరికి దక్కింది డెబ్భై దాటాక.

అదీ ఎక్కువ కాలం కాదు. 2010 జనవరిలో విజయవాడలో ఆయన కన్నుమూశారు. వయసు 77. ఆ తర్వాత ‘రచన’ మాసపత్రిక, వాహిని బుక్ ట్రస్ట్ చొరవతో ఆయన రచనలు ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి. దాసరి సుబ్రహ్మణ్యం అన్న అక్షరాలు చివరికి అట్ట మీదికి ఎక్కాయి. చూసుకోవడానికి ఆయన లేరు.

చందమామ కూడా ఆ తర్వాత ఎంతోకాలం నిలవలేదు. 2007లో చేతులు మారిన ఆ పత్రిక 2010ల తొలి ఏళ్లలోనే ఆగిపోయింది. పాత సంచికలను ఇప్పుడు జనం అపురూపంగా దాచుకుంటున్నారు.

ఇంట్లో పిల్లలకు ఒక పేరు

ఇవాళ ఏ పిల్లాణ్నయినా అడగండి, హ్యారీపోటర్ రాసిందెవరని. ఠక్కున రౌలింగ్ అంటాడు. ఆమె రైల్లో వెళుతూ ఆ కథ ఊహించిన సంగతి కూడా చెబుతాడు. మంచిదే. ఒక కథ వెనక ఒక మనిషి ఉంటాడని, ఆ మనిషి మనలాగే కష్టాలు పడి రాస్తాడని తెలిస్తే పిల్లలకు ‘నేనూ రాయొచ్చు’ అన్న ఆశ పుడుతుంది. మిఠాయి కొట్టు కుర్రాడు అసిమోవ్‌కు ఆ ఆశ పుట్టింది పత్రికల్లో కథలు చదివే.

మన పల్లెల్లో తోకచుక్క చదివిన ఎంతమందికి ఆ ఆశ పుట్టి ఉండేదో! ‘ఇది గుంటూరు జిల్లాలో పుట్టి, ఇరవై రెండేళ్లయినా నిండని కుర్రాడు రాశాడు’ అన్న ఒక్క వరుస అచ్చయి ఉంటే, కథలు చంద్రుడి నుంచి రావని, పక్క ఊరి మనిషి చేతి నుంచే వస్తాయని వాళ్లకు తెలిసేది. పేరు అచ్చు కాకపోవడం వల్ల నష్టపోయింది దాసరి ఒక్కరే కాదు.

అటకమీద ఎక్కడో పాత చందమామల బైండు పుస్తకం ఉందేమో చూడండి. అంచులు పసుపెక్కి ఉంటాయి. బొమ్మల్లో రాక్షసుడికి ఎవరో బాల్‌పెన్నుతో మీసాలు కూడా పెట్టి ఉంటారు. ఈ ఆదివారం దాన్ని దులిపి కిందికి దించండి. పిల్లల్ని కూర్చోబెట్టి మొదటి విడత గట్టిగా చదవండి. చదవబోయే ముందు శీర్షిక కింద ఖాళీగా ఉన్న చోట పెన్సిల్‌తో ఒక పేరు రాయండి.

దాసరి సుబ్రహ్మణ్యం.

ఆ పన్నెండూ ఇవీ...

తోకచుక్క
మకరదేవత
ముగ్గురు మాంత్రికులు
కంచుకోట
జ్వాలాద్వీపం
రాకాసిలోయ
పాతాళదుర్గం
శిథిలాలయం
రాతిరథం
యక్షపర్వతం
మాయాసరోవరం
భల్లూక మాంత్రికుడు